నీ వ్యాసంలో మొదటి వాక్యం గురించి

అమ్మా,

ఆర్థికాభివృద్ధిలో నాయకత్వం పాత్ర మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. లెక్కలు శ్రద్ధగా సేకరించావు, భాష బాగుంది. కానీ మొదటి వాక్యం దగ్గరే నాకు కాలు ఆగింది. "ఒక్క బలమైన నాయకుడు చాలు, దేశం దశ తిరుగుతుంది" అన్నావు. నీ వయసులో నేనూ ఇలాంటివి చాలా రాశాను. ఇప్పుడు చదువుకుంటే బాధేస్తుంది. వాటి నిండా నాయకుడే ఉన్నాడు, దేశం కనపడదు.

దక్షిణ కొరియాను ఏలిన పార్క్ చుంగ్ హీ గురించి రాశావు. 1961లో సైనిక తిరుగుబాటుతో వచ్చి, 1979లో హత్యకు గురయ్యేదాకా పాలించాడు. ఎగుమతులతో దేశాన్ని నిలబెట్టాడు, కాదనను. కానీ ఆఫ్రికాలోని జైర్‌లో (ఇప్పటి కాంగో) మొబుటూ కూడా బలమైనవాడే. 1965 నుంచి 1997 దాకా ఎదురులేకుండా ఏలి, రాగి, కోబాల్టు నిండిన దేశాన్ని అప్పులపాలు చేసి పోయాడు. బలం ఇద్దరికీ ఉంది. అలాంటప్పుడు బలాన్ని ఎంత వర్ణించినా ఆ ఇద్దరికీ తేడా ఎక్కడుందో పాఠకుడికి అందదు.

నేను ముందు వెతికేది వేరు. ఆ నాయకుడి ఎదుట నిలబడి "ఇది తప్పు" అనగలిగినవాళ్లు ఉన్నారా? అన్న తర్వాత వాళ్లేమయ్యారు?

1959 జూలైలో చైనాలోని లుషాన్‌లో పార్టీ పెద్దలు సమావేశమయ్యారు. పంటలూ పరిశ్రమలూ ఒక్కసారిగా పెంచెయ్యాలని దేశాధినేత మావో మొదలుపెట్టిన గ్రేట్ లీప్ ఫార్వర్డ్ నడుస్తున్న రోజులవి. పండని ధాన్యాన్ని పండినట్టు కింది అధికారులు లెక్కలు రాసి పంపుతున్నారు, ఆ దొంగ లెక్కల ప్రకారమే ప్రభుత్వం పల్లెల నుంచి ధాన్యం తీసుకుపోతోంది. రక్షణమంత్రి పెంగ్ దెహువాయ్ తన ఆందోళనను మావోకు ఉత్తరంగా రాశాడు. మావో దాన్ని అచ్చువేయించి అందరికీ పంచాడు, ఆయన్ను పదవి నుంచి తీసేశాడు. ఆ తర్వాత నిజం చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? కరవు ఇంకా సాగింది. కోట్లమంది చనిపోయారు. ఆర్థికాభివృద్ధిలో నాయకత్వం పాత్ర గురించి రాసేవాళ్లు ఆ ఒక్క ఉత్తరం కథ తెలుసుకోకుండా కలం పట్టకూడదని నా నమ్మకం.

ఇక 1991. నీ వ్యాసంలో పి.వి. నరసింహారావు గారు ఒంటిచేత్తో అన్నీ చేసినట్టుంది. జూన్ 21న ఆయన ప్రమాణస్వీకారం చేసేనాటికి మన విదేశీ మారకం కొన్ని వారాల దిగుమతులకు మించి లేదు. జూలై 1న మొదటి విడతగా రూపాయి విలువ తగ్గించారు. దానిమీద గొడవ మొదలయ్యేసరికి పీవీ వెనకాడారు, రెండో విడత ఆపించమన్నారు. మన్మోహన్ సింగ్ జూలై 3న రిజర్వ్ బ్యాంక్ డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్‌కు ఫోన్ చేస్తే, అప్పటికే అది జరిగిపోయిందన్న జవాబొచ్చింది. దానికి ఎవరి పదవీ ఊడలేదు. సరిగ్గా మూడు వారాలకు, జూలై 24న, 18 పరిశ్రమలు తప్ప మిగతావాటికి లైసెన్సులు ఎత్తేశారు. పరిశ్రమల శాఖ పీవీ దగ్గరే ఉంది. సంస్కరణల ఆలోచనలు అంతకుముందు ప్రభుత్వాల కాలం నుంచే అధికారుల ఫైళ్లలో నలుగుతున్నాయి. సభలో మెజారిటీ లేకుండా వాటి భారం తలకెత్తుకోవడమే ఆయన చేసిన పని, చిన్న పనేమీ కాదు. ఆయన వెనకాడిన ఘడియను నువ్వు దాచేశావు. దాన్ని పెట్టు. అప్పుడే ఆ నిర్ణయం బరువెంతో తెలుస్తుంది.

నీ వ్యాసంలో ఆఫ్రికా దేశం బోట్స్వానా లేనే లేదు, నాకదే పెద్ద లోటు. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశంలో తారు రోడ్డు 12 కిలోమీటర్లు, పట్టభద్రులు 22 మంది. తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా, బమాంగ్వాటో తెగ పాలక కుటుంబంలో పుట్టినవాడు. 1967లో ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి, అదీ తన తెగ ప్రాంతంలోనే. ఆ ఏడాదే ఆయన ప్రభుత్వం తెగల చేతిలోని ఖనిజ హక్కులను దేశం మొత్తానికి అప్పగిస్తూ చట్టం చేసింది. ఆయన "కాదు" అన్నది ముందు తన సొంతవాళ్లకు. 1980లో పదవిలో ఉండగానే కన్నుమూస్తే, ఉపాధ్యక్షుడిగా ఆర్థికశాఖ చూస్తున్న క్వెట్ మసీరే బాధ్యత తీసుకున్నారు. దేశం తడబడలేదు. వజ్రాల మీదే ఆధారపడటం, నిరుద్యోగం అక్కడ ఇప్పటికీ పీడిస్తున్నాయి, ఆ సంగతీ రాయాలి.

బెంజమిన్ జోన్స్, బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్తలు 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. పదవిలో ఉండగా అనారోగ్యంతోనో ప్రమాదంలోనో చనిపోయిన నాయకులను తీసుకుని, ఆ తర్వాత వృద్ధి రేటు ఎలా మారిందో చూశారు. నిరంకుశ పాలనల్లో మార్పు స్పష్టంగా కనిపించింది, ప్రజాస్వామ్యాల్లో అంతగా కనిపించలేదు. అడ్డు చెప్పేవాళ్లు లేనిచోట దేశం భవిష్యత్తు ఒక్క మనిషి ఊపిరికి వేలాడుతుంది. నువ్వు బలం అని పిలిచింది దాన్నే. అది చూస్తే నాకు భయమేస్తుంది.

మొదటి వాక్యం కొట్టేయ్. "ఆయన దేశాన్ని మార్చాడు" అన్న ప్రతిచోటా ఏ తేదీన, ఏ కాగితం మీద, ఎవరు వద్దంటుండగా అన్నది రాయగలవేమో చూడు. రాయలేని చోట ఆ వాక్యం తీసెయ్. పార్క్ గురించిన పేరాలో ఆ ఎగుమతుల కోసం గంటల తరబడి కుట్టుమిషన్ల ముందు కూర్చున్న ఆడపిల్లలు ఒక్క మాటగా కూడా లేరు. వాళ్లను చేర్చి మళ్లీ పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో.