డాక్టర్ సలహా: మొలలే అని ఎవరు చూసి చెప్పారు?

ప్రశ్న: నా వయసు 46. పరకాల దగ్గర ఎరువుల దుకాణం నడుపుతాను. ఎనిమిది నెలలుగా దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతోంది. నొప్పి లేదు. మొలలేనని మా ఊరి ఆర్‌ఎంపీ మాత్రలు, ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. వాడితే తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. ఈమధ్య రోజుకు మూడు నాలుగుసార్లు వెళ్లాల్సి వస్తోంది. వెళ్లొచ్చినా ఇంకా మిగిలినట్టే ఉంటోంది. కొంచెం సన్నబడ్డాను కూడా, బెల్టు రెండు బొక్కలు లోపలికి పెట్టుకుంటున్నాను. లేజర్ ఆపరేషన్ మంచిదా, మామూలుదా? ఎంత ఖర్చవుతుంది? కోడికూర, కారం మానేయాలా?

జవాబు: లేజర్ సంగతి తర్వాత చూద్దాం. ఈ ఎనిమిది నెలల్లో ఎవరైనా మిమ్మల్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, గ్లౌజు వేసుకుని, మలద్వారంలో వేలు పెట్టి పరీక్ష చేశారా? మీరు రాసినదాంట్లో ఆ మాట ఎక్కడా లేదు. చూడకుండానే మొలలని పేరు పెట్టారు, ఆ పేరుకే ఎనిమిది నెలలుగా మందు నడుస్తోంది.

మీరు రక్తం గురించి అడిగారు. నాకు దానికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది బెల్టు సంగతి. మొలల వల్ల మనిషి సన్నబడడు. రోజుకు ఒకసారి వెళ్లేవాడు ఉన్నట్టుండి నాలుగుసార్లు వెళ్లడం కూడా సాధారణంగా మొలల లక్షణం కాదు. వెళ్లొచ్చాక కూడా మిగిలినట్టు ఉండటం గురించి కాస్త చెప్తాను. పెద్దపేగు చివర మలాశయం ఉంటుంది. అందులోకి మలం చేరగానే నరాలు మెదడుకు కబురు పంపుతాయి, మనం లేచి వెళ్తాం. అక్కడ ఒక గడ్డో, వాపో ఉంటే మలాశయం దాన్ని కూడా మలమే అనుకుంటుంది. అందుకే ఖాళీ అయినా మళ్లీ మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. వెళ్తే ఏమీ రాదు, వచ్చినా కాస్త జిగురు, రక్తం.

క్యాన్సర్ అనే మాట చుట్టూ తిప్పి రాయడం నాకు ఇష్టం లేదు. మీకు అదే ఉందని నేను చెప్పడం లేదు, మిమ్మల్ని చూడకుండా ఏ డాక్టరూ అలా చెప్పకూడదు. పేగులో పుండ్లు పడే కొలైటిస్ కావచ్చు, అమీబా ఇన్ఫెక్షన్ కావచ్చు, పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ, అంటే పాలిప్ కావచ్చు. షుగర్ పెరిగి బరువు తగ్గుతుండవచ్చు, రక్తం మాత్రం నిజంగానే మొలలది కావచ్చు. కానీ 46 ఏళ్ల మనిషికి ఎనిమిది నెలలుగా రక్తం, విరేచనం తీరులో మార్పు, బరువు తగ్గడం మూడూ కలిసి ఉన్నప్పుడు క్యాన్సర్ లేదని తేల్చుకున్నాకే మిగతావాటి గురించి మాట్లాడాలి.

మందు వాడితే తగ్గుతోంది కదా అంటారేమో. గడ్డ నుంచి వచ్చే రక్తం కూడా కొన్నాళ్లు దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంది. పైగా మొలలు చాలామందికి ఉంటాయి. మొలలు కనిపించినంత మాత్రాన పైన ఇంకేమీ లేదని కాదు, రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

ఆ మధ్య ములుగు వైపు నుంచి ఒకాయన వచ్చాడు. దాదాపు మీ వయసే. చొక్కా జేబులోంచి ఒక ఆయింట్‌మెంట్ ట్యూబ్ తీసి బల్ల మీద పెట్టాడు. టూత్‌పేస్టు చుట్టినట్టు అడుగు నుంచి మూత దాకా గట్టిగా చుట్టేసి ఉంది. ఇది ఎన్నోదని అడిగితే వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టి ఆరోది అన్నాడు. దాంతోపాటు పేపర్ ముక్కలో కట్టిన విడి మాత్రలు, పేరు లేదు, అట్ట లేదు. రంగు, సైజు చూసి ఏమి మాత్రలో చెప్పడం నావల్ల కాలేదు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగితే "పత్తి ఏరుడు అయినంక సూపిచ్చుకుందమనుకున్న సార్, తర్వాత మిర్చి పడ్డది" అన్నాడు. పరీక్షకు నిమిషం కూడా పట్టలేదు. గట్టిగా, గరుకుగా వేలికి తగిలింది. మలాశయం కింది భాగంలో వచ్చే గడ్డలు చాలావరకు అలా వేలికే తగులుతాయి. ఆరు ట్యూబులు కొన్న కాలంలో ఎవరో ఒకరు ఒక్క గ్లౌజు వేసుకుని ఉంటే ఆయనకు మరింత తొందరగా చికిత్స మొదలయ్యేది. ఈ మాట మెడికల్ షాపుల వాళ్లకు, ఆర్‌ఎంపీలకు కూడా చెప్తున్నాను. రక్తం పడుతోందని వచ్చినవాళ్లకు ట్యూబ్ ఇచ్చి పంపకండి, డాక్టర్ దగ్గరికి పంపండి.

"ఆపరేషన్ లేకుండా మొలలు మాయం, గ్యారంటీ" అని రోడ్డు పక్కన బోర్డులు పెట్టే చోట్లకు అసలు పోకండి. అక్కడ ఘాటైన మందేదో ఇంజెక్షన్ చేస్తే లోపల కాలి, కుళ్లి, తర్వాత మలద్వారం సన్నగా మూసుకుపోయి వచ్చినవాళ్లను చూశాను. ఆయుర్వేదాన్ని తప్పుపట్టడం లేదు. మలద్వారం పక్కన చీము కారే దారి పడే ఫిస్టులాకు చదువుకున్న ఆయుర్వేద వైద్యులు క్షారసూత్రం అనే మందు పూసిన దారం వేస్తారు, అది వేరే సంగతి. వాళ్లు కూడా ముందు చూసే వేస్తారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈ వారంలోనే ఒక జనరల్ సర్జన్‌ను గానీ గ్యాస్ట్రో డాక్టర్‌ను గానీ కలవండి. వరంగల్ ఎంజీఎం సర్జరీ ఓపీకి వెళ్లినా సరే. వేలితో పరీక్ష చేస్తారు, ప్రాక్టోస్కోప్ అనే చిన్న గొట్టంతో లోపల చూస్తారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ చూస్తారు. మగవాళ్లకు 13 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. మొలలు కనిపించినా సరే, మీ లక్షణాలకు కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న పొడవాటి గొట్టంతో పెద్దపేగంతా చూసే పరీక్ష, కావాలా అని మీరే అడగండి. నా అంచనాలో కావాలి. ముందురోజు తేలికపాటి తిండి, తర్వాత ఒక పొడి కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగాలి, పేగు శుభ్రం కావడానికి. అసలు పరీక్ష కంటే ఆ నీళ్లు తాగడమే కష్టమని చాలామంది అంటారు. పరీక్షప్పుడు మత్తు ఇస్తారు కాబట్టి ఇంటి మనిషిని వెంట తీసుకెళ్లండి, ఆ రోజు బండి నడపకండి. పాలిప్ చిన్నదైతే అప్పుడే తీసేయొచ్చు. అనుమానం ఉన్నచోట ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఒకవేళ క్యాన్సరే అయినా, తొలి దశలో దొరికితే ఎక్కువమంది పూర్తిగా బాగవుతారు. ఎరువుల సీజన్ అయ్యాక వెళ్దామని మాత్రం అనుకోకండి.

ఇది చదివే మిగతావాళ్లకు ఒకటి రెండు మాటలు. పాతికేళ్ల వాళ్లకు మలబద్ధకం ఉండి, వెళ్లేటప్పుడు బ్లేడుతో కోసినట్టు నొప్పి, మలం మీద ఎర్రటి గీత కనిపిస్తే ఎక్కువగా అది ఫిషర్, అంటే మలద్వారం దగ్గర పడ్డ చీలిక. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోవడం, పీచు ఉన్న తిండి, నీళ్లు, వీటితోనే చాలామందికి మానిపోతుంది. అయినా ఒకసారి చూపించుకోండి. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే, లేదా రక్తం మలంలో కలిసిపోయి, జిగురుతో, ముదురు రంగులో వస్తుంటే వయసు చూసుకోకుండా వెళ్లాల్సిందే. మన దేశంలో నలభై దాటనివాళ్లలో కూడా పేగు క్యాన్సర్ చూస్తున్నాం.

ధారగా రక్తం పోయినా, గడ్డలు గడ్డలుగా పడినా, కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. తారులా నల్లగా, జిగటగా, విపరీతమైన వాసనతో విరేచనం అయితే అది పైనుంచి, అంటే కడుపులోని పుండు నుంచి వస్తున్న రక్తం కావచ్చు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి మింగేవాళ్లలో ఇది ఎక్కువ. మద్యం అలవాటున్నవాళ్లలో కాలేయం చెడి కూడా ఇలా అవుతుంది. ఐరన్ మాత్రలు వేసుకున్నా మలం నల్లబడుతుంది, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు రక్తం కనిపించగానే భయపడి వాటిని సొంతంగా ఆపొద్దు. వెంటనే మీ గుండె డాక్టర్‌తో మాట్లాడండి.

ఆడవాళ్ల విషయంలో నాకు ఇంకా బాధ. హిమోగ్లోబిన్ 7కు పడిపోయి, రెండుసార్లు రక్తం ఎక్కించుకుని వచ్చిన అమ్మను కూడా "దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతుందా?" అని ఎవరూ అడిగి ఉండరు. నెలసరి వల్లేనని సర్దేస్తారు. ఆమె అంతట ఆమె చెప్పడానికి సిగ్గుపడుతుంది. అమ్మా, లేడీ డాక్టర్ కావాలని అడగండి, నర్సును పక్కన ఉండమనండి. అది మీ హక్కు. పరీక్ష మాత్రం వద్దనకండి.

ఇక మీ ప్రశ్నలు. పరీక్షలన్నీ అయ్యి మొలలు మాత్రమే అని తేలితే చాలావరకు ఆపరేషన్ అవసరమే రాదు. తిండి మార్చుకోవడం, మందులు, కొందరికి రబ్బరు బ్యాండ్ వేయడం సరిపోతుంది. లేజరా, మామూలా అన్నది మొలలు ఎంత ముదిరాయో చూశాక మీ సర్జన్ చెప్పాలి. ఖర్చు ఇక్కడినుంచి చెప్పలేను. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ పరీక్షకు, చికిత్సకు వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. కోడికూర తినండి. ఒంట్లో వేడి చేసి రక్తం పడుతోందని, కంద తింటే పోతుందని చెప్పే మాటలు నమ్మి ఇంకో నెల పోగొట్టుకోకండి. కారం మంట పెంచుతుంది, అంతే. ఎనిమిది నెలలు రక్తం పడటానికి అది కారణం కాదు. జొన్నరొట్టె, ఆకుకూరలు, జామకాయ పెంచండి. ఫోన్ పట్టుకుని బాత్రూంలో అరగంట కూర్చోకండి.

మీ అమ్మానాన్నలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా అని ఇంట్లో కనుక్కుని వెళ్లండి. వచ్చి ఉంటే ఇంట్లో మిగతావాళ్లు కూడా 40 ఏళ్లకే, లేదా ఆ మనిషికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు, కొలనోస్కోపీ గురించి డాక్టర్‌ను అడగాలి. ఇప్పటిదాకా వాడిన మాత్రల అట్టలు, చీటీలు, ఆ ఆయింట్‌మెంట్ ట్యూబ్ కూడా కవర్లో వేసుకెళ్లండి. వాటిలో ఏముందో మిమ్మల్ని చూసే డాక్టర్‌కు తెలియాలి.