ఊపిరితిత్తిలో గడ్డ: క్యాన్సరా, రాతి దుమ్ము జబ్బా?

మీరు రాసినదాన్నిబట్టి మీ నాన్నగారు తాడిపత్రిలో గ్రానైట్ కోసే యూనిట్లలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. టీబీ మాత్రలు పూర్తి కోర్సు మింగినా దగ్గు, ఆయాసం తగ్గలేదు. ఇప్పుడు సీటీలో కుడి ఊపిరితిత్తి పైభాగాన గడ్డ కనిపిస్తే ఒక డాక్టరు క్యాన్సర్ అన్నారు, ఇంకొకరు రాతి దుమ్ము జబ్బు అన్నారు. సూదితో ముక్క తీస్తే జబ్బు పాకుతుందని బంధువులు వద్దంటున్నారు. మా మేనమామది దాదాపు ఇదే కథ. నేను డాక్టరును కాను, ఆయన ఫైలు పట్టుకుని అనంతపురం, కర్నూలు, తిరుపతి తిరిగినవాడిని.

ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించండి. తెమడలో టీబీ క్రిమి స్పష్టంగా దొరికితే దాని మందులు ఆపకూడదు, అది వేరు. అలా దొరకనప్పుడు, ముక్క ఫలితం రాకుండా కీమో గానీ రెండోసారి టీబీ మందులు గానీ మొదలుపెడతామంటే ఏ ఆధారంతో అని గట్టిగా అడగండి. మొదటిసారి మాత్రలు ఇచ్చింది తెమడ పరీక్షలో వచ్చాకనా, ఎక్స్‌రే చూసేనా అన్నది కూడా పాత చీటీల్లో వెతకండి.

ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడంలో ఆశ్చర్యమేమీ లేదు. గ్రానైట్ రాతిలో ఉండే సిలికా దుమ్ము ఏళ్లతరబడి పీల్చినవారికి ఊపిరితిత్తుల పైభాగాల్లో చిన్న చిన్న గడ్డలు పుడతాయి. జబ్బు ముదిరితే అవి కలిసిపోయి పెద్ద ముద్దలవుతాయి. సీటీలో ఆ ముద్ద అచ్చం క్యాన్సర్‌లాగే ఉంటుంది. టీబీకీ ఆ పైభాగమే ఇష్టం. పెట్ స్కాన్‌తో తేలిపోతుందని మాకూ చెప్పారు గాని, ఈ మూడూ అందులో వెలుగుతాయి. క్యాన్సర్ అని తేలాక ఎంత పాకిందో చూడటానికి పెట్ బాగా పనికొస్తుంది, ఏ జబ్బో తేల్చడానికి దాన్నే నమ్ముకుంటే డబ్బు వృథా. దానికంటే మీ ఇంట్లో పరుపు కింద పడి ఉన్న పాత ఎక్స్‌రేలు విలువైనవి. దుమ్ము ముద్ద ఏళ్ల మీద నెమ్మదిగా పెరుగుతుంది, చాలాసార్లు రెండు పక్కలా ఉంటుంది. క్యాన్సర్ గడ్డ నెలల్లోనే మారుతుంది.

ఇంకో విషయం, దాన్ని చాలామంది చెప్పరు: పని వివరం. మా మామ మొదటి చీటీలో బీడీల సంగతి ఉంది, ఆయన చేసిన పని గురించి ఒక్క ముక్క లేదు. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో ఛాతీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న వేరు. రాయి కోసేటప్పుడు నీళ్లు పోసేవారా, పొడిగా కోసేవారా? అంచులు నూరే పనిలో ఉన్నారా? మామ ఆ రోజు గంటసేపు మాట్లాడాడు. పని చేసేచోట అందరూ బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే దుమ్ము దిగిపోతుందనుకునేవారట. దుమ్ము వెళ్లేది గాలిగొట్టంలోకి, బెల్లం వెళ్లేది కడుపులోకి! కంటికి కనిపించని సన్నటి రేణువులే లోపలిదాకా వెళ్లి అక్కడే ఉండిపోతాయి. మామకు చివరికి రెండూ ఉన్నాయని తేలింది, సిలికోసిస్ అంటే ఈ రాతి దుమ్ము జబ్బు, దాని పక్కనే క్యాన్సర్. స్ఫటిక రూపంలోని సిలికా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. బీడీ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. మీ నాన్నగారు ఇంకా కాలుస్తుంటే ఈ రోజే మాన్పించండి.

సూది భయం గురించి. దానివల్ల క్యాన్సర్ పాకడం చాలా చాలా అరుదు. నిజమైన ఇబ్బంది వేరే ఉంది: ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకోవచ్చు, లేదా తెమడలో కొంచెం రక్తం పడవచ్చు. దుమ్ముతో దెబ్బతిన్న ఊపిరితిత్తికి ఆ అవకాశం కొంచెం ఎక్కువ, అందుకే సూది తీశాక కొన్ని గంటలు ఉంచి మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందేమో కూడా అడగండి. మామకు నీరు తీసి పరీక్షిస్తేనే క్యాన్సర్ కణాలు దొరికాయి. ఏ జబ్బో, ఏ దశో రెండూ ఒకేసారి తేలాయి. గడ్డలోకి సూది పోనవసరమే రాలేదు.

క్యాన్సరని తేలితే గడ్డ ఎంత పెద్దదని మాత్రమే అడగకండి, మిగిలిన ఊపిరితిత్తి ఎంత పనిచేస్తోందని అడగండి. ఆపరేషన్ చేసి ఒక భాగం తీసేయాలంటే మిగతాది మనిషిని మోయగలగాలి. ఊది చూసే పరీక్ష, రక్తంలోకి గాలి ఎంత చేరుతోందో చూసే పరీక్ష అందుకే. గట్టిపడిన ఊపిరితిత్తికి రేడియేషన్ ఇస్తే వాపు వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. కాబట్టి ఛాతీ డాక్టరు, క్యాన్సర్ డాక్టరు ఇద్దరూ కలిసి నిర్ణయించాలి. రిపోర్టులో అడినోకార్సినోమా (ఊపిరితిత్తి క్యాన్సర్‌లో ఒక రకం) అని వస్తే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పు ఉందేమో చూసే పరీక్షలు తప్పక అడగండి. మామకు ఈజీఎఫ్ఆర్ మార్పు ఉండటంతో కీమో బదులు జెఫిటినిబ్ మాత్రలు ఇచ్చారు, కొన్ని వారాల్లోనే ఆయాసం తగ్గి నడవగలిగాడు. అది శాశ్వతంగా నయం చేసే మందు కాదని మొదటే చెప్పారు. ఆయాసం హఠాత్తుగా పెరిగితే, అది మందు వల్ల ఊపిరితిత్తికి వచ్చిన వాపు కావచ్చు గనక, వెంటనే రమ్మన్నారు.

దుమ్ము జబ్బే అని తేలితే గట్టిపడిన భాగాన్ని మళ్లీ మామూలుగా చేసే మందు లేదు. ఊపిరితిత్తులు కడిగేస్తామనే ప్రకటనలకు డబ్బు పెట్టకండి. దుమ్ము పని మానడం, టీబీ కోసం తెమడ పరీక్షలు, అవసరమైతే ఆక్సిజన్, ఫ్లూ, న్యుమోనియా టీకాలు. అంతే.

ఖర్చుకు ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మునుపటి ఆరోగ్యశ్రీ, ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో, జన్యు పరీక్ష అందులో వస్తుందో రాదో చేరకముందే అడగండి. తాడిపత్రిలో రైలెక్కితే రేణిగుంటలో దిగి తిరుపతి వెళ్లవచ్చు, ఆయాసంతో ఉన్న మనిషికి బస్సుకంటే అదే నయం. సిలికోసిస్ చట్టం ప్రకారం పరిహారం వచ్చే వృత్తి వ్యాధుల్లో ఒకటి. ఆ మాట రిపోర్టులో అలాగే రాయించుకోండి, "పాత టీబీ మచ్చలు" అని మాత్రమే రాస్తే యజమాని దగ్గర పనికిరాదు. ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ కాగితాలు, హాజరు చీటీలు ఏవి ఉన్నా దాచండి.

సీటీ రిపోర్టులో నీరు గురించి, రెండో పక్క ముద్దల గురించి ఏం రాశారో పేరు చెరిపేసి ఇక్కడ పెట్టండి. డాక్టరును ఏం అడగాలో చెబుతాను.