గ్యారేజీలో మియాటా, బ్యాంకులో 36 రోజుల డబ్బు

ప్రశ్న: మేం ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాం. నాకు 36 ఏళ్లు. హెచ్-1బీ మీద ఐటీ ఉద్యోగం, జీతం ఏడాదికి లక్షా 40 వేల డాలర్లు. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఇంకా అప్రూవ్ కాలేదు కాబట్టి మా ఆవిడ ఉద్యోగం చేసే వీల్లేదు. ఒక పాప. ఇంటి లోన్‌తో కలిపి ఖర్చులు నెలకు 5,400. ఇండియాలో అమ్మానాన్నలకు పంపాక 1,500 మిగులుతుంది. సేవింగ్స్‌లో 9,000, 401కెలో (ఆఫీసు ద్వారా రిటైర్మెంట్‌కు దాచుకునే ఖాతా) 58,000 ఉన్నాయి. లైఫ్ ఇన్సూరెన్స్ ఆఫీసు ఇచ్చిందే. నిరుడు 4,500 పెట్టి, నాలుగేళ్లుగా కదలకుండా పడి ఉన్న 1990 మాజ్దా మియాటా (టాప్ తీసే రెండు సీట్ల చిన్న కారు) కొన్నాను. ఇంట్లోనే రిస్టోర్ చేస్తే 6,000లో అయిపోతుందనుకున్నా. టర్బో కిట్, వీల్స్, పార్టులు, పనిముట్లతో క్రెడిట్ కార్డు మీద 11,000 అయింది, వడ్డీ 24 శాతం. వెల్డింగ్ మెషీన్ 12 నెలలు వడ్డీ లేని స్టోర్ కార్డు మీద 1,100కు తీసుకున్నా. ఇంకా 18,000 కావాలి: ఇంజన్ రీబిల్డ్‌కు 5,500 (వెనక ఆయిల్ లీకు, పైన టకటక శబ్దం), తుప్పు పట్టిన రాకర్ ప్యానెల్స్‌కు (తలుపుల కింద ఉండే రేకు) 3,500, పెయింట్‌కు 7,000, సాఫ్ట్ టాప్‌కు 1,200, క్లచ్, చిల్లర పనులకు 800. 401కె నుంచి లోన్ తీసుకుంటే కట్టే వడ్డీ కూడా నాకే వస్తుంది కదా, తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. వడ్డీ ఎవరికొస్తుందని అడిగారు గానీ, జీతం ఆగిపోతే ఏమవుతుందన్న మాట మీ ఉత్తరంలో ఒక్కచోట కూడా లేదు. పాత కారు తెచ్చుకున్న చాలామంది చేసే పొరపాటే ఇది. పార్టుల జాబితా రాసుకుని దాన్నే బడ్జెట్ అనుకుంటారు. ఒక బోల్టు విప్పితే నాలుగు పనులు బయటపడతాయి, జాబితా మూడింతలవుతుంది. అప్పుడు చెయ్యి నేరుగా ఆపదకు దాచుకున్న డబ్బు మీద పడుతుంది.

మీ నెల ఖర్చు 5,400. ఉద్యోగం పోతే ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌ను కోబ్రా కింద 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. కాకపోతే ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి, పైన 2 శాతం దాకా నిర్వహణ ఖర్చు వేస్తారు. కుటుంబం మొత్తానికి అది నెలకు 2,000 డాలర్ల చుట్టూ ఉండటం మామూలే. మీ అసలు అంకె హెచ్ఆర్ వాళ్లనడిగి ఈ వారమే తెలుసుకోండి. 2,000 అనుకుంటే నెలకు 7,400. మీ దగ్గరున్న 9,000 సరిగ్గా 36 రోజులొస్తుంది.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అంతకంటే ముందే ముగిసేదైతే ఆ రోజు దాకానే. ఆ లోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి. మీకు గడువు ఇంకా 24 రోజులుండగానే చేతిలో డబ్బు అయిపోతుంది. ఇందులో కార్డు బాకీ లేదు, మూడు విమానం టికెట్లు లేవు, అమ్మానాన్నలకు పంపేది లేదు. నిరుద్యోగ భృతి వస్తుందని లెక్క వేసుకోవద్దు. మూడు నెలల ఖర్చు దాచుకుంటే చాలని అందరికీ చెప్తుంటారు, అది గ్రీన్ కార్డు, రెండు జీతాలు ఉన్న ఇంటికి. ఒకే జీతం, ఆ జీతానికి ముడిపడ్డ వీసా, నెత్తిన ఇంటి లోన్ ఉన్న మీకు ఆరు నెలలకు పైసా తగ్గకూడదు. అంటే 44,400. అది ఉండాల్సింది మామూలు సేవింగ్స్ ఖాతాలో. షేర్లలో కాదు, క్రిప్టోలో కాదు, గ్యారేజీలో అసలే కాదు.

ఇక 401కె లోన్. మీ బ్యాలెన్స్‌లో సగం దాకా ఇస్తారు కాబట్టి 18,000 దొరుకుతుంది. 8.5 శాతం అనుకుంటే ఐదేళ్ల పాటు నెలకు 370 దాకా జీతంలోంచి కోస్తారు. అక్కడితో మీ 1,500 కాస్తా 1,130 అవుతుంది. ఉద్యోగం మానినా, తీసేసినా మిగిలిన బాకీని ప్లాన్ మీ ఖాతాలోంచే మినహాయించుకోవచ్చు. ఆ సొమ్మును ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా, ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే ఆ గడువులోగా, ఐఆర్ఏలోకి (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా) వేయకపోతే అది మీ ఆదాయం కింద లెక్క. 59 ఏళ్ల 6 నెలలు నిండలేదు కాబట్టి 10 శాతం పెనాల్టీ అదనం. 16,000 బాకీ ఉండగా అలా జరిగి, మీరు 22 శాతం శ్లాబ్‌లో ఉంటే, ఫెడరల్ పన్ను, పెనాల్టీ కలిపి 5,120. జీతం లేని ఏడాదిలో ఈ బిల్లు. వడ్డీ మీకే వస్తుందనేది నిజమే, దానికి మీరు పెట్టే తాకట్టు ఏమిటో ఫారంలో పెద్దక్షరాలతో రాయరు.

ఇంటి మీద హెలాక్ (ఇల్లు తాకట్టు పెట్టి కావాల్సినప్పుడు వాడుకునే అప్పు) ఆలోచన వస్తే దాన్నీ పక్కన పెట్టండి. జీరో వడ్డీ బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ 3 నుంచి 5 శాతం ఫీజుతో దొరికితే 11,000 వరకు పనికొస్తుంది, ఖాళీ అయిన పాత కార్డు మళ్లీ గీకనని మాటిస్తేనే. స్టోర్ కార్డు సంగతి వేరు. వడ్డీ లేదని వాళ్లంటున్నది చాలావరకు వాయిదా వేసిన వడ్డీ. 12వ నెల చివరికి ఒక్క డాలర్ మిగిలినా కొన్న రోజు నుంచి లెక్కగట్టి మొత్తం వడ్డీ వేస్తారు. నిబంధనల కాగితం తీసి చదవండి. ముందు తీర్చాల్సిన బాకీ అదే.

ఇప్పుడు మీ 18,000 జాబితా. ఇందులో ఈ ఏడాది ఖర్చు పెట్టాల్సింది కొన్ని వందలే.

ఇంజన్ వెనక ఆయిల్ లీకు చూసి రియర్ మెయిన్ సీల్ (క్రాంక్ వెనక కొసన ఆయిల్ ఆపే సీల్) పోయిందని చెప్పి ఉంటారు. ఈ 1.6 లీటర్ల ఇంజన్‌లో సిలిండర్ హెడ్ వెనక క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని ఓ-రింగ్ ఏళ్లు గడిచేకొద్దీ గాజు ముక్కలా గట్టిపడి, ఆయిల్ హెడ్ వెనకనుంచి బెల్ హౌసింగ్ మీదికి కారుతుంది. కింద నుంచి చూస్తే అచ్చం మెయిన్ సీల్ లీకులాగే ఉంటుంది. హెడ్ వెనక వేలుపెట్టి చూడండి, అక్కడ తడి ఉంటే దొంగ దొరికినట్టే. విప్పే ముందు సెన్సర్‌కూ హెడ్‌కూ కలిపి గీత గీయండి, లేకపోతే ఇగ్నిషన్ టైమింగ్ తప్పుతుంది. 12 ఎంఎం బోల్టు ఒకటి, కొత్త ఓ-రింగ్ ఒకటి. రెండు మూడు డాలర్ల పని. చెయ్యి దూరక విసుగొస్తుంది, అంతే.

పైన టకటక అంటున్నది హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్ ఒత్తిడితో వాల్వుల సందు సరిచేసే భాగాలు) కావచ్చు. నాలుగేళ్లు నిలిచిన కారులో అవి ఆయిల్ ఖాళీ అయి మోగుతాయి. ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి, కొద్ది రోజులకు మళ్లీ మార్చండి. రీబిల్డ్ మాట ఎత్తేముందు కంప్రెషన్ టెస్ట్ చేయండి. ఇంజన్ వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ తీసి, ఆ క్యామ్ యాంగిల్ సెన్సర్ కనెక్టర్ పీకేస్తే స్పార్కూ, పెట్రోలూ రెండూ ఆగుతాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి ఒక్కో సిలిండర్‌ను కొన్ని సెకన్లు క్రాంక్ చేయండి. నాలుగు అంకెలూ దగ్గరదగ్గరగా, మాన్యువల్ చెప్పే కనీసానికి పైన ఉంటే 5,500 మిగిలినట్టే. ఒక దాంట్లో తక్కువొస్తే ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. గేజ్ కొనక్కర్లేదు. ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకుంటే, తిరిగిచ్చినప్పుడు డిపాజిట్ మొత్తం వెనక్కిస్తారు. కారు కోసం మీరు చేయగా నేను ఒప్పుకునే అప్పు ఇదొక్కటే.

అదే చేత్తో టార్చి వేసి క్రాంక్ పుల్లీ చూడండి. నాలుగు గాట్లు ఉంటే షార్ట్ నోస్ క్రాంక్, ఎనిమిది ఉంటే తర్వాత వచ్చిన మెరుగైనది. 1990, 1991 తొలి ఇంజన్లకున్న పెద్ద లోపం ఇదే. మధ్య బోల్టు పట్టు సడలితే కీ (క్రాంక్ మీద పుల్లీ తిరిగిపోకుండా ఆపే చిన్న లోహపు ముక్క) కదులుతుంది, కీ కూర్చున్న గాడి అరిగి వెడల్పవుతుంది, టైమింగ్ తప్పి ఇంజన్ బలం పడిపోతుంది. ఐడిల్‌లో పుల్లీ అటూఇటూ ఊగుతుంటే వెంటనే ఆపేయండి. ఆ బోల్టు ఎప్పుడు విప్పినా కొత్త బోల్టు, కొత్త కీ, టార్క్ రెంచ్ తప్పనిసరి. క్రాంక్ ఏదో చూసుకోకుండా టర్బో కిట్ కొన్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. కిట్, వీల్స్ అమ్మేయండి. వచ్చిన డబ్బు ముందు స్టోర్ కార్డుకు, మిగిలితే పెద్ద కార్డుకు.

టైమింగ్ బెల్టు 60,000 మైళ్లకు మార్చాలి. ఈ ఇంజన్‌లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు. కారు రోడ్డెక్కనంతకాలం అదీ ఆగుతుంది. మార్చిన రోజు వాటర్ పంప్, టెన్షనర్, ఐడ్లర్, సీల్స్ అన్నీ ఒకేసారి మార్చండి, పంపు విప్పాలన్నా ఆ బెల్టు తీయాల్సిందే.

క్లచ్ పెడల్ కిందికి జారిపోతుంటే గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూడండి. లోపల తడి ఉంటే అది పోయినట్టే. మాస్టర్ సిలిండర్ కూడా మార్చండి, ఒకటి కొత్తదేస్తే పాత రెండోది కొన్నాళ్లకే కారుతుంది. ఒక డాట్ 3 బ్రేక్ ఫ్లూయిడ్ సీసా, పెడల్ తొక్కడానికి ఇంకో మనిషి ఉంటే వంద డాలర్ల లోపు పని.

అసలు డబ్బు తినేది తుప్పు. సాఫ్ట్ టాప్ మీద పడ్డ వాన నీరు సీటు బెల్టు స్తంభాల వెనకున్న డ్రెయిన్లలోంచి కిందికి పోవాలి. ఆకులు, మట్టి అడ్డుపడితే ఆ నీరు రాకర్ ప్యానెల్‌లోకి దిగి నిలుస్తుంది. చలికాలంలో ఒహాయో రోడ్ల మీద చల్లే ఉప్పు బయటినుంచి తింటే, ఇది లోపలినుంచి తింటుంది. అందుకే వెనక చక్రం ముందు పెయింట్ కింద చిన్న బుడగ కనిపించేసరికి లోపలి రేకు బయటి దానికంటే ఎక్కువ పోయి ఉంటుంది. ఒక్కో డ్రెయిన్‌లో లీటరు నీళ్లు పోయండి, చక్రం ముందు కిందినుంచి వెంటనే రావాలి. రాకపోతే మెత్తటి ప్లాస్టిక్ గొట్టంతో శుభ్రం చేయండి, ఇనప తీగ పెట్టి పొడవకండి. పైసా ఖర్చు లేదు. కారు గ్యారేజీలో పొడిగా ఉన్నంతకాలం ఆ తుప్పు నెమ్మదిస్తుంది కాబట్టి, వెల్డింగ్‌కు రెండు మూడేళ్లు ఆగొచ్చు. వెల్డింగ్ కాకుండా పెయింట్ వేయిస్తే మాత్రం ఆ 7,000ను కాల్చుకోవడానికి మీ మెషీనే చాలు. డిక్కీలో మామూలు యాసిడ్ బ్యాటరీ ఉంటే తీసేయండి, అక్కడ ఏజీఎం (యాసిడ్ కారకుండా సీలు చేసిన) రకమే ఉండాలి. లేదంటే యాసిడ్ ఆవిరి డిక్కీ రేకునూ తినేస్తుంది.

కారు కింద దూరేముందు రెండు మాటలు. రాకర్లు తుప్పు పట్టిన కారుకు వాటి అంచున స్టాండ్లు పెట్టొద్దు, రేకు మడిచిపోతుంది. ముందు క్రాస్‌మెంబర్ మధ్య, వెనక డిఫరెన్షియల్ కింద జాకీ పెట్టి, స్టాండ్లు సబ్‌ఫ్రేమ్ కింద పెట్టండి. రెండోది, ఇంట్లో సంపాదించేది మీరొక్కరే, ఉన్న లైఫ్ కవర్ ఆఫీసుది, అది ఉద్యోగంతోపాటే పోతుంది. ఇండియాలో ఎప్పుడో తీసుకున్న ఎల్ఐసీ పాలసీ ఏదైనా ఉంటే ఇంటి లోన్ ముందు అది ఏ మూలకు? సొంత పేరు మీద 20 ఏళ్ల టర్మ్ పాలసీ తీసుకోండి. ఆరోగ్యం బాగుంటే మీ వయసుకు ప్రీమియం నెలకు 50 దాటకపోవచ్చు. ఆ పాలసీ చేతికొచ్చేదాకా జాకీ ఎత్తకండి.

కారు బీమా కూడా చూడండి. మామూలు పాలసీ కారు కాలిపోయిన రోజు మార్కెట్ విలువే ఇస్తుంది, మీరు పెట్టిన ఖర్చు దానికి పట్టదు. ఇంటి ఇన్సూరెన్స్ కారును కవర్ చేయదు. హాగర్టీ లాంటి పాత కార్ల బీమా కంపెనీలు ముందే ఒప్పుకున్న విలువకు పాలసీ ఇస్తాయి. మరమ్మతులో ఉన్న కారని స్పష్టంగా చెప్పి తీసుకోండి.

నెలనెలా మిగిలే 1,500లో 50 టర్మ్ పాలసీకి, 100 కారుకు, 1,350 కార్డుకు. ఇప్పుడు నెలకు 220 దాకా వడ్డీకే పోతోంది. ఈ లెక్కన తొమ్మిది నెలల్లో 11,000 తీరుతుంది. తొమ్మిదో నెల తర్వాత అదే 1,350 సేవింగ్స్‌కు. 9,000 నుంచి 44,400కు చేరడానికి ఆ తర్వాత ఇంకో 26 నెలలకు కాస్త పైనే. బోనస్, టాక్స్ రిఫండ్ వస్తే అవీ అందులోకే, అప్పుడు కొంత ముందే అవుతుంది. ఈలోగా నెలకు 100తో ఓ-రింగ్, ఆయిల్, క్లచ్ సిలిండర్లు, బ్యాటరీ మెయింటెయినర్, ట్యాంకులో ఫ్యూయల్ స్టెబిలైజర్ అన్నీ అయిపోతాయి. చలికాలంలో పని ఆగినప్పుడు టైర్లలో గాలి చూసుకుంటుండండి.

రాకర్ల వెల్డింగ్ మీరే చేస్తారో, బయట చేయిస్తారో ఆ 44,400 చేరాక తేల్చుకుందురుగాని. అప్పటిదాకా ఆ మెషీన్ మీద పాత హుడ్ ముక్కలతో చెయ్యి తిప్పుకోండి. పలచటి రేకును ఒక్క గీతగా వెల్డ్ చేస్తే వంకరపోతుంది. అంగుళానికొక చుక్క పెట్టి, చల్లారాక మధ్యలో మరోటి పెట్టుకుంటూ రావాలి.