‘బీఎస్సీకి సమానం’ అంటే బీఎస్సీ కాదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ అయ్యాక ఒక ఆసుపత్రి నడిపే ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది రెస్పిరేటరీ థెరపీ (శ్వాస సంబంధ చికిత్స) కోర్సులో చేరింది. కరపత్రంలో ‘బీఎస్సీకి సమానం’ అని వేశారు. పదకొండు నెలలైంది. ఏ యూనివర్సిటీ అని అడిగితే ‘అఫిలియేషన్ ప్రాసెస్‌లో ఉంది’ అంటున్నారు. టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు మూడేళ్లు అక్కడే పనిచేస్తానని బాండ్ రాసిస్తేనే చివరి పరీక్ష రాయనిస్తామంటున్నారు. మధ్యలో మానేస్తే 2 లక్షలు కట్టాలట. ఈ సర్టిఫికెట్ విదేశాల్లో అయినా పనికొస్తుందా? మాకేం దారి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు బాండ్ సంగతి. మీ అమ్మాయి చేత సంతకం పెట్టించకండి. ‘పెట్టేశాక కోర్టులో చూసుకుందాం’ అని చాలామంది అనుకుంటారు, అది ఖరీదైన పొరపాటు. మనిషిని బలవంతంగా ఉద్యోగంలో ఉంచమని ఏ కోర్టూ చెప్పదు, నిజమే. కానీ డబ్బు మాట వేరు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు ఉద్యోగి రాసిచ్చిన 2 లక్షల బాండ్‌ను సమర్థించింది. అది నియామకానికి పెట్టిన ఖర్చుకు సంబంధించిన వ్యవహారం. మీ అమ్మాయి విషయంలో ఫీజు కట్టింది మీరు, పరీక్ష అడ్డుపెట్టుకుని బెదిరిస్తున్నది వాళ్లు. తేడా ఉంది, వాదించవచ్చు. కానీ ఆ వాదన దాకా వెళ్లాల్సిన పని రాకపోతే మేలు కదా.

ఇక అసలు జబ్బు కరపత్రంలో ఉంది. ‘సమానం’ అని ఎవరన్నారు? డిగ్రీ ఇచ్చే అధికారం యూజీసీ చట్టం, 1956 సెక్షన్ 22 ప్రకారం యూనివర్సిటీలకు, డీమ్డ్ యూనివర్సిటీలకు, పార్లమెంటు చట్టం ద్వారా ప్రత్యేకంగా ఆ అధికారం పొందిన సంస్థలకు మాత్రమే ఉంది. ఆసుపత్రికి ఎన్ని పడకలున్నా అది డిగ్రీ ఇవ్వలేదు.

పైగా ఈ వృత్తికి ఇప్పుడు సొంత చట్టమే వచ్చింది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం షెడ్యూల్‌లో ‘రెస్పిరేటరీ టెక్నాలజిస్ట్’ అని స్పష్టంగా ఉంది. మనం వాడుకలో థెరపిస్ట్ అంటున్నది దాదాపు ఇదే పని. ఈ చట్టం ప్రకారం అనుబంధ వృత్తి నిపుణుల కింద లెక్కకు రావాలంటే డిప్లొమా అయినా డిగ్రీ అయినా కనీసం 2000 గంటల చదువు ఉండాలి. ఆ గంటలు రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో పూర్తి కావాలి. ఏడాది కోర్సు ఈ గడప దాటదు. రోజుకు పన్నెండు గంటల డ్యూటీ వేసి ‘గంటలు నిండాయి’ అన్నా, రెండేళ్ల షరతు అలాగే మిగులుతుంది. రేపు ఈ చట్టం కింద ఉండే రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవడానికి వెళ్తే మొదట అడిగేది ఇదే.

కాబట్టి ఆ చివరి పరీక్ష రాసినా చేతికొచ్చేది ఆ ఆసుపత్రి గోడలు దాటితే చెల్లని కాగితం. దానికోసం మూడేళ్లు తాకట్టు పెట్టడమా?

ఇప్పుడు చేయాల్సింది సాక్ష్యం పోగేయడం, అదీ చప్పుడు చేయకుండా. ఫీజు రసీదులు, కరపత్రం, ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్న వాట్సాప్ సందేశాలు, బాండ్ నమూనా, అన్నీ భద్రం చేయండి. అన్నిటికంటే ముఖ్యం లాగ్‌బుక్, అంటే రోజూ చేసిన పని రాసుకునే పుస్తకం. ధమని నుంచి ఏబీజీ (రక్తంలో వాయువుల పరీక్ష) శాంపిల్ ఎన్నిసార్లు తీసింది, వెంటిలేటర్ సర్క్యూట్ (గొట్టాల అమరిక) ఎప్పుడు మార్చింది, సక్షన్ (శ్వాసనాళంలోని కఫం లాగడం) ఎవరి పర్యవేక్షణలో చేసింది, అన్నీ అందులోనే ఉంటాయి. ప్రతి పేజీ ఫోన్‌లో ఫొటో తీయమనండి. ఇలాంటి కేసే ఒకటి నా దగ్గరికొచ్చింది. ఆ అబ్బాయి లాగ్‌బుక్ తెరిస్తే వరసగా నెలన్నర నైట్ డ్యూటీలు. సూపర్‌వైజర్ సంతకం ఉండాల్సిన గడి పై నుంచి కింది దాకా ఖాళీ. చదువు చెప్పలేదు, జీతం లేని పనివాడిగా వాడుకున్నారని నిరూపించడానికి ఆ ఖాళీ గళ్లే సరిపోయాయి.

మీ అమ్మాయిని కూడా రాత్రిపూట ఒంటరిగా వెంటిలేటర్ సెట్టింగులు మార్చమంటుంటే, కుదరదని ఇవాళే చెప్పమనండి. రోగికి ఏమన్నా అయితే ఆసుపత్రి బాధ్యత తప్పదు కానీ, తొలి విచారణలో పేరు వినిపించేది ఆ పిల్లదే.

ఒరిజినల్స్ విషయానికొస్తే, వాటిని అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. అయితే అది యూనివర్సిటీలకు, వాటి అనుబంధ కాలేజీలకు. మీ ఇన్‌స్టిట్యూట్ ఎవరికీ అనుబంధం కాదు కనుక నేరుగా తగలదు (లేని గుర్తింపు కూడా వాళ్లకే కలిసొచ్చింది చూడండి). అయినా ఆ సర్టిఫికెట్లు మీ అమ్మాయి సొత్తు. వాటిని బందీగా ఉంచే హక్కు వాళ్లకు లేదు. పదిహేను రోజుల గడువుతో లాయర్ ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. ఒరిజినల్స్, కట్టిన ఫీజు, పోయిన ఏడాదికి పరిహారం, మూడూ అడగండి. నా అనుభవంలో నోటీసు అందిన వారంలోపే ఒరిజినల్స్ బయటికొస్తాయి. డబ్బు మాత్రం అంత తేలిగ్గా రాదు.

రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్లు, కట్టిన ఫీజు 5 లక్షల లోపైతే కోర్టు రుసుం ఉండదు. అవతలివాళ్లు ‘విద్య అనేది సేవ కిందికి రాదు’ అంటారు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో ఆ వైపే మొగ్గింది కూడా, కాబట్టి గెలుపు ఖాయమని చెప్పను. కానీ గుర్తింపు లేకుండానే విద్యార్థులను చేర్చుకున్న ఒక డెంటల్ కాలేజీ పరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2009లో తేల్చింది. మీ కేసు దానికి దగ్గర. లేని డిగ్రీని ఉన్నట్టు చూపి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం కూడా కావచ్చు. పోలీసు ఫిర్యాదును మాత్రం ఒరిజినల్స్ చేతికొచ్చే దాకా ఆపండి.

విదేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో అయితే కోఆర్క్ (ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే అక్కడి సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్ పూర్తి చేసినవాళ్లకే సాధారణంగా ఎన్‌బీఆర్‌సీ (ఈ వృత్తికి అర్హత పరీక్షలు పెట్టే బోర్డు) పరీక్ష రాసే అర్హత ఉంటుంది. మీ కాగితం అక్కడ లెక్కలోకి రాదు.

అమ్మాయికి ఈ పని మీద మక్కువ ఉంటే సక్రమమైన బీఎస్సీలో చేర్పించండి. ఏడాది పోయిందన్న దిగులుతో దూరవిద్య వైపు మాత్రం చూడొద్దు. పైన చెప్పిన 2021 చట్టం కిందికి వచ్చే కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని 2025లో యూజీసీ ఆపేసింది. కొత్త కాలేజీలో యూనివర్సిటీ అఫిలియేషన్ ఉత్తర్వు, కోర్సుకు ఉన్న అనుమతి కాపీ చూపించమని అడగండి. అవి చూపకుండా గోడ మీది ఫ్రేములు చూపిస్తే లేచి వచ్చేయండి.