పత్రిక పెట్టబోతున్న మేనకోడలికి

చి. సౌ. మేనకోడలికి, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి అత్తయ్య ఆశీస్సులు.

డాలస్‌లో తెలుగు వెబ్ పత్రిక పెట్టాలని ఉందనీ, హఫింగ్టన్ పోస్టు అనే వార్తల వెబ్‌సైటు పెట్టిన అరియానా హఫింగ్టన్ నీకు ఆదర్శమనీ రాశావు. పన్నెండేళ్లు ఇక్కడ తెలుగు మాసపత్రిక నడిపి మూసేసినదాన్ని కాబట్టి, నాకు తెలిసినంతలో చెబుతున్నాను.

ఆవిడ గురించి ఎవరు మాట్లాడినా, 2005 మేలో మొదలైన హఫింగ్టన్ పోస్టును 2011లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ 31.5 కోట్ల డాలర్లకు కొన్నదన్న మాటతో మొదలుపెడతారు. 1950లో ఏథెన్సులో పుట్టిన ఆ అమ్మాయి, గ్రీకు యాస పోని ఇంగ్లీషుతోనే 1971లో కేంబ్రిడ్జ్ యూనియన్ చర్చా సంఘానికి అధ్యక్షురాలైంది. 1980లో న్యూయార్క్ చేరాక పుస్తకాలు రాసి, 2003లో కాలిఫోర్నియా గవర్నర్ పోటీలోకి దిగి మధ్యలో తప్పుకొని, యాభై నాలుగో ఏట ఈ సైటు పెట్టింది. పావు శతాబ్దపు పరిచయాలే ఆవిడకు అసలు పెట్టుబడి అని నా లెక్క. నీకు ముప్ఫై రెండు. తొందర పడకు, నీ గోదావరి యాసను పాడ్‌కాస్టు కోసం దిద్దుకోకు.

ముందు కాగితాల సంగతి. నువ్వు హెచ్-4 మీద, అంటే ఉద్యోగ వీసా మీదున్న మీ ఆయన భార్యగా వచ్చే వీసా మీద ఉన్నావు. మీ ఆయన కోసం కంపెనీ పెట్టే ఐ-140 అనే గ్రీన్ కార్డు దరఖాస్తు ఆమోదం పొందితే నీకు పనిచేసే అనుమతి అడగవచ్చు. 2015 నుంచి ఆ వెసులుబాటు ఉంది. అది చేతికి రాకముందే, జీతం తీసుకోవడం లేదు కదా అన్న ధైర్యంతో పని మొదలుపెట్టకుండా, ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఫీజు కట్టి అడుగు. గుడి దగ్గర కలిసినవాళ్లు చెప్పే ఉచిత సలహాలు నమ్మకు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచింది రాసేవాళ్ల డబ్బు గురించి. హఫింగ్టన్ పోస్టులో జీతం తీసుకునే విలేకరులు ఉండేవారు, వారిలో ఒకరికి 2012లో పత్రికా రచనకిచ్చే పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. కానీ వేలమంది బ్లాగర్లు పైసా తీసుకోకుండా రాశారు. సైటు అమ్ముడుపోయాక వారిలో కొందరు 10.5 కోట్ల డాలర్లు ఇప్పించాలని దావా వేస్తే, ఉచితమని తెలిసే రాశారు కదా అని 2012లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. చట్టం ప్రకారం ఆవిడదే గెలుపు. నాకు మాత్రం ఆ తీర్పు చదివిన రోజు మా పత్రికకు మూడేళ్లు కాలమ్ రాసిన రిటైర్డు మాస్టారు గుర్తొచ్చారు. ఆయనకు నేను పంపినది గౌరవ ప్రతి ఒక్కటే. కంటి ఆపరేషన్ వల్ల ఈ నెల రాయలేకపోతున్నాను, క్షమించమని ఆయన ఉత్తరం రాశారు. పైసా ఇవ్వని నన్ను! అందుకే వ్యాసానికి పాతిక డాలర్లే ఇవ్వగలిగితే పాతికే ఇవ్వు, కానీ వ్యాసం అందిన వారంలో ఇవ్వు. అంత ఇవ్వలేని నెలలో పది వ్యాసాల బదులు నాలుగే ప్రచురించు. ‘మీకు పేరొస్తుంది’ అన్న మాట నీ నోట రానివ్వకు.

ఆ డబ్బు ప్రకటనల నుంచే రావాలి. సరుకుల దుకాణాలు, నగల కొట్లు, ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్లు ఉగాదికీ దీపావళికీ ఇస్తారు, మిగతా నెలల్లో మొహం చాటేస్తారు. సగం సొమ్ము ముందే తీసుకో. ఒక దుకాణం నాకు ఏడాది బాకీ పెట్టి చివరికి చేతులెత్తేసింది. ప్రకటన ఇచ్చాను కాబట్టి నా మీద వ్యాసం వెయ్యమని అడిగేవాళ్లకు, పైన ‘ప్రకటన’ అని అచ్చేసే షరతు చెప్పు. సగంమంది మళ్లీ అడగరు.

నిద్ర మానుకోకు. 2007లో అరియానా అలసటతో సొమ్మసిల్లి పడి చెంప ఎముక విరగ్గొట్టుకున్నారు.

లాయరు ఏమన్నాడో తెలిశాక ఫోను చెయ్యి. మొదటి సంచికకు నేనొక వ్యాసం రాస్తాను, పాతిక డాలర్లు సిద్ధం చేసుకో.

ఇట్లు,
అత్తయ్య