సొంతానికి ఇంట్లో బీరు చేసుకుంటే కేసు అవుతుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అమెరికాలో ఉండే మా బావ ఇంట్లోనే బీరు చేసుకుంటాడు. ఆయన్ను చూసి నేనూ బార్లీ మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు), ఈస్టు, 20 లీటర్ల డబ్బా తెప్పించుకున్నాను. ఇంకా మొదలుపెట్టలేదు. అమ్మే ఉద్దేశం లేదు. చేయి తిరిగాక మైక్రోబ్రూవరీ (చిన్న ఎత్తున బీరు తయారుచేసి అక్కడే అమ్మే చోటు) పెట్టాలని ఉంది. ఇంట్లో చేసుకోవడానికీ లైసెన్సు కావాలా?

జవాబు: మొదలుపెట్టక ముందే అడిగి మంచి పని చేశారు. ఈస్టు ప్యాకెట్ విప్పకండి.

మీ బావ ఉన్నచోట చట్టం వేరు. అక్కడ 1978లో తెచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్లు, పన్ను కట్టకుండా చేసుకోవచ్చు. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల చేతిలోని అంశం. ఇక్కడ వర్తించేది 1968 నాటి ఎక్సైజ్ చట్టం. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయకూడదని సెక్షన్ 13 చెబుతుంది. శిక్ష సెక్షన్ 34లో ఉంది. "అమ్మలేదు సార్, మేమే తాగాం" అన్నది చాలామంది చెప్పే మాటే, కానీ తయారీయే నేరం అయినప్పుడు దాంతో బయటపడలేరు. అంతెందుకు, తరతరాలుగా కల్లు గీసేవాళ్లకే లైసెన్సు తప్పదు.

తయారీ కోసం సామగ్రి దగ్గర ఉంచుకోవడం కూడా నిషేధమే. బార్లీ తిండిగింజ, డబ్బా ఉత్త డబ్బా. కానీ అన్నీ ఒకేచోట దొరికి, ఫోన్‌లో "బావా, ఈస్టు ఎప్పుడు వేయాలి?" అన్న మెసేజ్ కూడా ఉంటే ఉద్దేశం ఏమిటో వేరే నిరూపించక్కర్లేదు. పైగా మన జిల్లాల్లో ఎక్సైజ్ వాళ్లు ఏళ్లుగా గుడుంబా బెల్లం పానకం పారబోస్తున్నవాళ్లు. పులిసిన డ్రమ్ము కనిపిస్తే పంచనామా రాసి శాంపిల్ ల్యాబ్‌కు పంపుతారు. ల్యాబ్ చూసేది ఆల్కహాల్ ఉందా లేదా అని. మీ బీరు రుచి ఎవరికీ పట్టదు.

ఈస్టు, హాప్స్, డబ్బా వాపసు చేసేయండి, బిల్లులు దాచుకోండి. నేర్చుకోవడం మాత్రం ఆపక్కర్లేదు. మాల్టు పిండిని 65 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచితే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఒక చుక్క విడిగా తీసి అయోడిన్ వేయండి. నల్లబడితే ఇంకా మారలేదని లెక్క, అయోడిన్ రంగే ఉంటే మారినట్టు. అయోడిన్ కలిపింది పారబోయండి. ఇంతవరకు అది తియ్యటి మాల్టు నీళ్లే, మద్యం కాదు. అదే రోజు తాగేయండి లేదా ఫ్రిజ్‌లో పెట్టండి. మన ఎండల్లో బయట వదిలేస్తే దానంతటదే పులుస్తుంది, అప్పుడు "నేను ఈస్టు వేయలేదు" అంటే ఎవరు నమ్ముతారు?

పులియబెట్టడం మాత్రం హైదరాబాద్‌లో లైసెన్సున్న ఏదో మైక్రోబ్రూవరీలో ఉద్యోగిగా చేరి నేర్చుకోండి. జీతం తక్కువైనా సరే, రేపు సొంతంగా పెట్టేటప్పుడు ఆ అనుభవం పనికొస్తుంది.

సొంత మైక్రోబ్రూవరీకి 2015 నాటి నిబంధనలున్నాయి. అయితే మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో తేల్చేసింది. కాబట్టి లైసెన్సు ఇచ్చి తీరాలని పట్టుబట్టలేరు. బిల్డింగ్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందే మీ ఊళ్లో అనుమతి ఉందో లేదో నల్గొండలోని జిల్లా ఎక్సైజ్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.