డిక్కీలో మాత్రలు, హాల్లో పడక

ప్రశ్న: మాది హన్మకొండ. నాకు 34, మావారికి 41. ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం. మనిషి ఐదడుగుల ఆరంగుళాలు, బరువు 94 కిలోలు. ఏడాదిగా నా దగ్గరికి రావడం లేదు. గురక వంకతో హాల్లో పడుకుంటున్నారు. మొన్న స్కూటీ డిక్కీలో నాలుగు మాత్రల పట్టీ దొరికింది. రెండు వాడేశారు. ఫోన్‌లో చూస్తే అవి మగవాళ్లు 'దానికోసం' వేసుకునేవట. నా దగ్గరికే రాని మనిషికి అవెందుకు? ఇంకెవరైనా ఉన్నారా? రెండో బిడ్డ లేదని అత్తమ్మ నన్నే దెప్పుతోంది.

జవాబు: మాత్రల సంగతికి వస్తాను గానీ, మీ ఉత్తరంలో నన్ను ముందు ఆపింది ఆయన గురక, ఆయన బరువు.

ఇంకెవరైనా ఉన్నారో లేరో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. అయితే ఆ పట్టీ ఒక్కటే రుజువు కాదు. అంగం గట్టిపడక రెండుసార్లు తలవంపులు పడ్డ మగవాడు మూడోసారికి భార్య పక్కన పడుకోవడానికే జంకుతాడు. దోస్తు చెప్పిన మాత్ర చాటుగా వేసుకుని చూస్తాడు. అదీ పనిచేయకపోతే హాల్లోకి పడక మారుస్తాడు. కౌన్సెలింగ్‌కు వచ్చే జంటల్లో ఇది కొత్త కాదు. భర్త సిగ్గుతో తప్పుకుంటుంటే, భార్య తన మీద మోజు తీరిందనుకుంటుంది.

ఆయన ఎత్తుకు 94 కిలోలంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే లెక్క) 33 దాటింది. మన దేశస్తులకు 25 నుంచే ఊబకాయం కింద లెక్క, మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటకూడదు. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే ఉండదు. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. దాంతో కోరిక తగ్గుతుంది. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తున్నారా గమనించండి. నిద్ర అలా తెగుతుంటే నిద్రలో తయారయ్యే టెస్టోస్టిరాన్ ఇంకా పడిపోతుంది. షుగర్, బీపీ కూడా ఉంటే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది.

అసలు భయపడాల్సింది ఇక్కడే. అంగానికి రక్తం తెచ్చే ధమని ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండె ధమనులు మూడు నాలుగు మిల్లీమీటర్లు. పూడిక మొదలైతే ముందు సన్నదానిలోనే బయటపడుతుంది. గుండె జబ్బు లక్షణాలు చాలామందిలో రెండు నుంచి ఐదేళ్ల తర్వాత గానీ కనిపించవు. అందుకే గోడల మీద 'రహస్య వ్యాధులు' అని రాసుకునే వాళ్ల దగ్గరికి కాదు, వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానలోనైనా బయటైనా ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాలి. బీపీ, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్, ఈసీజీ, ఉదయం పూట పరగడుపున టెస్టోస్టిరాన్ పరీక్ష చేయిస్తారు. ఇప్పటికే వాడుతున్న మందులుంటే అవీ చూపించండి, కొన్ని బీపీ మాత్రలతోనూ ఈ ఇబ్బంది వస్తుంది.

ఇక ఆయనతో ఎలా మాట్లాడాలి? పట్టీ ముందర పెట్టి నిలదీయకండి. మిర్చి సీజన్‌లో అర్ధరాత్రి ఇంటికొచ్చినప్పుడు అసలే వద్దు. ఆదివారం తీరిగ్గా, "మీ గురక చూస్తే భయమైతుంది, ఒకసారి డాక్టర్‌కు చూపిద్దాం" అనండి. అది అబద్ధమేం కాదు కదా. మాత్రల మాట డాక్టర్ గదిలో ఆయనే ఎత్తే వీలు ఇవ్వండి, ఎత్తకపోతే అక్కడే మీరు మెల్లగా అందించండి. బొర్ర మీద జోకులు మాత్రం ఇంట్లో ఎవరూ వేయొద్దు.

ఇటలీలో 110 మంది ఊబకాయుల మీద చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. బరువు తగ్గి, వ్యాయామం పెంచినవారిలో మూడోవంతు మందికి రెండేళ్లలో పటుత్వం తిరిగొచ్చింది. వాళ్ల లక్ష్యం బరువులో పదోవంతు తగ్గడం, అంటే మీవారికి తొమ్మిది కిలోలు. దుకాణంలో గంటకో చాయ్, సాయంత్రం మిర్చి బజ్జి, రాత్రి పదింటికి పళ్లెం నిండా అన్నం, వారానికో దావత్: ఇందులో మీ ఇంటికి వర్తించేవి మీకే తెలుసు. జొన్నరొట్టెకు మారితే చాలనుకోకండి, కొవ్వు మటన్‌తో నాలుగు రొట్టెలు లాగిస్తే ఏం లాభం? పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఇద్దరూ నడవండి. మొదటి నెల పడగ్గది ప్రసక్తి లేకుండా అది చాలు.

రెండో బిడ్డ కోసం ముందు ఆయనకు వీర్యపరీక్ష జరగాలి. ఆ ఫలితం రాకముందు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనడానికి లేదు, అత్తమ్మకు ఆ మాట చెప్పాల్సింది ఆయనే. జిమ్‌లోనో ఇంకెక్కడో హార్మోన్ ఇంజెక్షన్ చేయించుకుంటానంటే ఒప్పుకోకండి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే వీర్యకణాల తయారీ పడిపోతుంది.

డిక్కీలోని మిగతా రెండు మాత్రలు డాక్టర్ చెప్పేదాకా వేసుకోవద్దనండి. ఛాతీనొప్పికి ఇచ్చే నైట్రేట్ మందులతో అవి కలిస్తే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. ఎప్పుడైనా ఛాతీలో నొప్పి వచ్చి క్యాజువాల్టీకి తీసుకెళ్తే, ఫలానా మాత్ర ఎప్పుడు వేసుకున్నారో డ్యూటీ డాక్టర్‌కు మొదటే చెప్పండి. ఆ పట్టీ ఫొటో మీ ఫోన్‌లో ఉంచుకోండి.